కొబ్బరి ఈనెల కట్టా, ముగ్గు గీతా, బడి ఆవరణా: ఏ పాఠానికి ఏది మేలు?

42లోంచి 17 తీసెయ్యమన్నాను. మూడో తరగతి పాప ముందు నాలుగు కొబ్బరి ఈనెల కట్టలు, విడిగా రెండు పుల్లలు ఉన్నాయి. కట్టకు పది పుల్లలు, చుట్టూ రబ్బరు బ్యాండు. ఏడు తీయాలి, విడిగా ఉన్నవి రెండే. కాసేపు ఆ రెండు పుల్లల్నే అటూ ఇటూ తిప్పింది. నా ముఖం వైపు చూసింది. నేను తల ఎత్తకుండా హాజరుపట్టీ రాస్తూ ఉండిపోయాను. చివరికి ఒక కట్ట అందుకుని, బ్యాండు విప్పి, పుల్లల్ని చాప మీద పరిచి, పాత రెండింటినీ వాటితో కలిపి "పన్నెండు" అని తనకు తానే పైకి అంది.

అంతకుముందు రెండు వారాలుగా నల్లబల్ల మీద "పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకో" అని చెబుతూనే ఉన్నాను. అప్పు తెస్తే తిరిగి ఇవ్వాలి కదా అని ఒక పిల్లవాడు అడిగాడు కూడా. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఆ పాప బ్యాండు విప్పినప్పుడు నాకే అర్థమైంది: అక్కడ అప్పేమీ లేదు. తన దగ్గరున్న పదే పది ఒకట్లుగా విడిపోయింది, అంతే. ఆ రోజు నుంచి నా తరగతిలో "అప్పు" అనే మాట మానేసి "కట్ట విప్పు" అంటున్నాం.

ప్రకాశం జిల్లాలో మొదట చీమకుర్తి గ్రానైటు క్వారీల పక్క ఊళ్ళో, ఇప్పుడు కొత్తపట్నం వైపు సముద్రపు ఒడ్డున ప్రాథమిక బడిలో చెబుతున్నాను. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో కొత్తగా చేరిన టీచర్లు అడిగే ప్రశ్న ఒకటుంది. చేతులతో చేయించే పాఠాలు మంచివని అందరూ అంటారు, కానీ వాటిలో ఏది ఎంచుకోవాలి? కిట్టు తెరవాలా, నేల మీద గీతలు గీసి గెంతించాలా, గదిలో మూలకో పని చొప్పున మూలలు ఏర్పాటు చేయాలా, బయటికి తీసుకెళ్ళాలా? అన్నీ చేయడానికి సమయం ఉండదు. నేను ఎంచుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక చిన్న పరీక్ష

ఏ ఆట అయినా, ఏ పని అయినా నా తరగతిలోకి రావాలంటే ఒక ప్రశ్న దాటాలి. ఆ పని తీసేసినా పాఠం అలాగే ఉంటుందా? ఉంటే ఆ కదలిక పాఠానికి తగిలించిన తోరణం. కట్ట విప్పడం తీసేస్తే ఆ తీసివేతలో అర్థం మిగలదు, కాబట్టి అది పాఠమే.

ఈ ప్రశ్న నాకు ఊరికే తట్టలేదు. చీమకుర్తిలో ఉన్నప్పుడు ఎక్కాల కోసం పరుగు ఆట పెట్టేదాన్ని. ఆవరణలో అక్కడక్కడా జవాబుల చీటీలు అంటించి, "ఏడు ఎనిమిదులు" అని అరిస్తే పిల్లలు 56 దగ్గరికి పరుగెత్తాలి. ఎంత సందడో! నెల రోజులు సంతోషంగా ఆడించాను. ఒకరోజు అరుగు మీద కూర్చుని పరుగును కాకుండా ముఖాలను గమనించాను. ఎక్కం వచ్చిన ఇద్దరు పరుగు మొదలుపెడుతున్నారు. మిగతా పద్దెనిమిది మంది ఆ ఇద్దరి వెనక పరుగెడుతున్నారు. ఏడు ఎనిమిదులు ఎంతో తెలియకుండానే ప్రతిసారీ సరైన చీటీ దగ్గరే నిలబడుతున్నారు. ఆ నెలకు నేనే బాధ్యురాలిని. పిల్లలు కదులుతున్నారు కాబట్టి నేర్చుకుంటున్నారనే అనుకున్నాను.

ఆ ఆటను పూర్తిగా పారేయలేదు. ఇప్పుడు పాఠం మధ్యలో బద్ధకం వదిలించడానికి అయిదు నిమిషాలు పెడతాను. లేచి చేతులు చాచడం, చప్పట్ల లయలో ఎక్కం చదవడం లాంటివీ అంతే. మధ్యాహ్న భోజనం తర్వాత మొదటి పీరియడులో ఇవి ఎంతో అవసరం. కానీ వీటిని విరామంగానే లెక్కపెట్టండి, బోధనగా డైరీలో రాసుకోకండి.

చేతి సామగ్రి, నేల మీద గీతలు: గణితంలో ఎక్కడ ఏది?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఎన్ని అనే ప్రశ్న ఉన్నచోట చేతి సామగ్రి వాడండి. స్థానవిలువ, కూడిక, తీసివేత, సమానంగా పంచడం, ఇవన్నీ వస్తువుల గుంపులను కలపడం, విడదీయడం. వీటికి ఈనెల కట్టలు, చింతగింజలు, మా ఒడ్డున దొరికే గవ్వలు చాలు. భాగహారానికి వామనగుంటల పీట కంటే మంచి సాధనం నాకు కనబడలేదు. పద్నాలుగు గుంటలు, గుంటకు నాలుగు గింజలు వేస్తూ పోతే మొత్తం ఎన్ని, ఏడుగురికి పంచితే ఒక్కొక్కరికి ఎన్ని అని అడగవచ్చు. ఇంట్లో నాయనమ్మతో ఆడిన ఆటే బడిలో లెక్కయితే పిల్లల చేతులు వాటంతట అవే కదులుతాయి.

ఎంత దూరం, ఎటువైపు, ఎంత మలుపు అనే ప్రశ్న ఉన్నచోట నేల మీద గీతలు మేలు. సంఖ్యారేఖ, కోణాలు, దిక్కులు, పై తరగతుల్లో రుణసంఖ్యలు ఈ కోవలోకి వస్తాయి. వరండాలో ముగ్గుపిండితో గీత గీసి సమాన దూరాల్లో 0 నుంచి 20 వరకు వేయండి. 8 మీద నిలబడి అయిదు అడుగులు ముందుకు, మూడు వెనక్కి అన్నప్పుడు కూడికకు, తీసివేతకు దిశ ఉందని పిల్లల కాళ్ళకే తెలుస్తుంది. గింజలతో ఇది చెప్పలేం, గింజల కుప్పకు ముందూ వెనకా ఉండవు. సున్నాకు ఎడమవైపు కూడా గీత ఉందని చూపిస్తే 3లోంచి 5 పోతే ఏమవుతుందో నాలుగో తరగతి పిల్లలు నడిచి చూపిస్తారు. "నిల్ కాదు టీచర్, ఇటు రెండు" అని సున్నా అవతల నిలబడి చెప్పారు ఒకసారి.

ఈ గీత మీద పిల్లలు తరచూ చేసే తప్పు ఒకటుంది. 8 నుంచి అయిదు అడుగులు అంటే తాము నిలబడిన 8నే "ఒకటి" అని లెక్కపెట్టి 12 దగ్గర ఆగుతారు. గెంతును లెక్కపెట్టాలి, గీతను కాదు. తొక్కుడు బిళ్ళ ఆడే పిల్లలకు ఇది త్వరగా పట్టుబడుతుంది.

రెండూ కావలసిన పాఠం చుట్టుకొలత, వైశాల్యం. అయిదో తరగతిలో ఈ రెండింటినీ కలగాపులగం చేయని పిల్లలు తక్కువ. తాడు పట్టుకుని గది అంచు వెంట నడిపిస్తే అది చుట్టుకొలత. పాత వార్తాపత్రికలు అంటించి మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండేలా కత్తిరించి, వాటిని నేల మీద పరిచి నింపితే అది వైశాల్యం. నడవడం ఒకటి, పరచడం ఒకటి. ఒక వారం తర్వాత పిల్లలు లెక్క చదివి "ఇది నడిచేదా, పరిచేదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వాళ్ళ నోట వస్తే సగం పాఠం అయిపోయినట్టే. ఇంకా ముందుకు వెళ్ళాలనుకుంటే, సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, అంటే ఒక్కో వైపు దాదాపు 21 అడుగుల చదరం. దాన్ని ఆవరణలో తాడుతో వేయించండి. నెల్లూరు వైపు ఇళ్ళ స్థలాలను అంకణాల్లో చెబుతారు కాబట్టి, అంకణానికి ఎన్ని అడుగులు లెక్కపెడతారో ఇంట్లో అడిగి రమ్మంటే మర్నాడు తరగతి మొత్తం మాట్లాడుతుంది.

ఇక సామగ్రి కొనాలా, చేసుకోవాలా? నా ఓటు చేసుకోవడానికే, ఒక షరతు మీద. 3 నుంచి 8 ఏళ్ళ పిల్లల కోసం కేంద్రం 2023 ఫిబ్రవరిలో విడుదల చేసిన జాదూయీ పిటారా లాంటి పెట్టెల్లో మంచి వస్తువులు ఉంటాయి. బడికి కిట్టు వస్తే బీరువాలో పెట్టి తాళం వేయకండి, పిల్లల చేతికి ఇవ్వండి. పాడవుతాయని భయపడితే కిట్టు పదేళ్ళు కొత్తగానే ఉంటుంది, పిల్లలు అయిదేళ్ళకే బడి దాటిపోతారు. కానీ తరగతిలో ఒక్కొక్కరి చేతికీ అందేన్ని వస్తువులు కిట్టులో ఉండవు. ఇరవై మందిలో నలుగురు చేస్తూ పదహారు మంది చూస్తుంటే ఆ పదహారు మందికి అది నల్లబల్ల పాఠమే. ఈనెలు, గింజలు అయితే అందరికీ సరిపోతాయి. పైగా రంగురంగుల ప్లాస్టిక్ జంతువులను లెక్కకు ఇస్తే పిల్లలు ఏనుగుతో సింహాన్ని పోట్లాడిస్తారు. చింతగింజ చింతగింజే, దాని మీద కథలు అల్లడానికి ఏమీ లేదు, లెక్కపెట్టడం తప్ప.

షరతు ఏమిటంటే, సామగ్రిని ఎప్పుడు తీసేయాలో ముందే అనుకోవాలి. మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో చెప్పిన వరస ఇప్పటికీ పనికొస్తుంది: ముందు చేత్తో చేయడం, తర్వాత బొమ్మలో చూడడం, ఆ తర్వాతే గుర్తులతో రాయడం. నా తరగతిలో ఒక వారం కట్టలు, మరో వారం పలక మీద కట్టకు నిలువు గీత, పుల్లకు చుక్క, మూడో వారం అంకెలు. మధ్య వారాన్ని దాటేసినవాళ్ళ తరగతుల్లోనే "పుల్లలుంటే చేస్తారు, పరీక్షలో చేయలేరు" అనే ఫిర్యాదు వినిపిస్తుంది. తప్పు పుల్లలది కాదు, వంతెన వేయకపోవడంలో ఉంది.

ఏమీ ఖర్చు లేనిది ఒకటుంది

చేతి సైగను ఎవరూ సామగ్రి కింద లెక్కపెట్టరు. 6 + 3 + 4 = __ + 4 అని రాసి ఖాళీ నింపమంటే 9 రావాలి, కానీ చాలామంది 13 అని రాస్తారు. సమానం గుర్తు అంటే జవాబు రాసే చోటని అనుకుంటారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ గోల్డిన్-మెడో, ఆమె సహచరులు ఇలాంటి లెక్కలతోనే పిల్లల సైగల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. రెండు వేళ్ళు విప్పి 6, 3 కింద పెట్టి, తర్వాత ఖాళీని చూపించమంటే, ఆ సైగ చేసిన పిల్లలు మెరుగ్గా నేర్చుకున్నారు. నేనూ చేయించాను. రెండు వేళ్ళు ఆ రెండు అంకెల కింద ఆనగానే కొందరి కళ్ళు ఖాళీ వైపు వెళ్ళడం కనబడుతుంది. గది చిన్నది, పిల్లలు ఎక్కువ, పక్క తరగతికి చప్పుడు వినబడుతుందని వెనకాడే టీచర్లు ముందు దీనితో మొదలుపెట్టండి.

తెలుగు, ఇంగ్లిషు

తెలుగు అక్షరాలకు ఇసుక పళ్ళెం. మనవాళ్ళు అక్షరాభ్యాసం బియ్యంలో చేయించడం ఊరికే కాదు, చూపుడువేలికి అక్షరం మలుపు తగలాలి. మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు చేయించి వేలితో దిద్దించిందీ అందుకే. ఆమె 1939లో మన దేశానికి వచ్చి మద్రాసులోని అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. మాకు ఇసుకకు కొదవ లేదు. తడి ఇసుక మీద రాయించండి, గీత నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త: అక్షరం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో మీరు పక్కన ఉండి చూడాలి. తప్పు దిశలో దిద్దిన అక్షరం కూడా అంతే గట్టిగా చేతికి అలవాటవుతుంది.

ఒత్తులకు మాత్రం ఇసుక కంటే పిల్లలే మేలు. ఇద్దరిని పిలిచి, ఒకరికి "క" అట్ట, మరొకరికి "ష" ఒత్తు అట్ట ఇవ్వండి. ఒత్తు పట్టుకున్న పిల్ల కిందకు కూర్చుంటుంది, "క్ష" అయింది. గుణింతం గుర్తు పట్టుకున్న మూడో పిల్ల వచ్చి చేరితే "క్షి". ఎవరు ఎక్కడ నిలబడాలో వాళ్ళే వాదించుకుంటారు, ఆ వాదనలోనే పాఠం అంతా ఉంది.

ఇంగ్లిషు క్రియాపదాలకు, "మీద, కింద, వెనక" లాంటి మాటలకు ఆజ్ఞ వినగానే చేసి చూపే పద్ధతి చాలు. అమెరికాలో జేమ్స్ ఆషర్ 1960లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మొదట్లో పిల్లలు మాట్లాడనవసరం లేదు, విని చేస్తే చాలు. అందుకే సిగ్గుపడే పిల్లలకు ఇది వరం. వ్యాకరణం, కథ చదవడం దీనితో రావు.

మూలలా, తరగతంతా కలిసా?

ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు ఉన్న బడులు మన దగ్గర ఎన్నో. అలాంటి చోట అందరితో ఒకేసారి ఒకే పని చేయించడం కంటే మూలలే నయం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు చిన్న ఊళ్ళ బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతి దీనికి మంచి నమూనా. ప్రతి పిల్లా నిచ్చెన మెట్ల లాంటి వరసలో తన మెట్టుకు తగిన కార్డు తీసుకుని తన పని తాను చేసుకుంటుంది, టీచరు ఒక్కో గుంపు దగ్గర కూర్చుంటుంది.

కానీ మూలలకు నిజమైన ఖర్చు మొదటి నెల. సామాన్లు తీసిన చోటే పెట్టడం, పని అయ్యాక పక్కవాళ్ళను కదిలించకుండా ఉండడం, ఇవి పాఠాల్లాగే నేర్పాలి. జూన్‌లో బడులు తెరిచాక మూడు నాలుగు వారాలు కేవలం ఈ అలవాట్లకే ఇవ్వగలిగితే మూలలు ఎంచుకోండి. డిసెంబరులో మధ్యలో మొదలుపెడితే విసుగు తప్ప ఏమీ మిగలదు. ఒక్క తరగతి, ఒక్క టీచరు ఉన్నచోట మూలలతో తలనొప్పి తెచ్చుకోవద్దనే చెబుతాను.

ఆవరణలోకి ఎప్పుడు?

మా తీరంలో ఆవరణ పాఠానికి వాతావరణమే టైంటేబుల్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, నెల్లూరు ఒడ్డున మరీ ఎక్కువ. మార్చి మధ్యకు ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలవుతాయి. నమ్మకంగా బయట పనిచేయగలిగేది జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే. కాబట్టి నెలల వరసను కాకుండా పాఠాల వరసను మార్చుకోండి. కొలతలు, నీడలు, మొక్కలు, నదులు ఆ రెండు నెలలకు ఉంచండి.

నది పాఠం ఒక్కసారి ఇసుకలో చేసి చూడండి. నెల్లూరు పిల్లలకు పెన్న, మా పిల్లలకు గుండ్లకమ్మ. పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఒక చివర ఇసుక గుట్ట పోసి, చెంబుతో నెమ్మదిగా నీళ్ళు వదిలితే అవి తమ దారి తామే కోసుకుంటాయి. "పెన్న మీది సోమశిల ఆనకట్ట ఎక్కడ కట్టాలి?" అని అడగండి. పిల్లలు మొదట విశాలంగా ఉన్న చోట అడ్డుకట్ట వేస్తారు, నీళ్ళు పక్క నుంచి పోతాయి. గుట్టల మధ్య ఇరుకు చోటుకు జరుపుతారు, అప్పుడు నీళ్ళు నిలుస్తాయి. ఆనకట్ట ఎందుకు అక్కడే ఉందో చెప్పడానికి పుస్తకంలో ఒక్క వాక్యం కూడా అక్కర్లేదు.

పరుగెత్తలేని పిల్ల, కూర్చోలేని పిల్ల

ఏ పద్ధతి ఎంచుకున్నా ఇది ముందు ఆలోచించండి. మా బడిలో కాళ్ళు సరిగా సహకరించని బాబు ఉండేవాడు. ముగ్గు గీత వేసిన మొదటి రోజు వాడిని "నువ్వు జవాబులు చూడు" అని పక్కన కూర్చోబెట్టాను. వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. మర్నాడు అదే గీతను బల్ల మీద సుద్దముక్కతో వేసి, రెండు వేళ్ళతో నడిపించమన్నాను. వారం తిరగకుండా మిగతావాళ్ళు కూడా వేళ్ళ నడకే కావాలన్నారు. నడక అనే అర్థం కాళ్ళలో మాత్రమే లేదు. శబ్దాలకు బెదిరే పిల్లలు, తాకితే ముడుచుకుపోయే పిల్లలు కూడా ఉంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ఉండే ప్రత్యేక ఉపాధ్యాయులను అడిగితే ఏ పిల్లకు ఏది సరిపడుతుందో చెబుతారు.

ఇంకో మాట కూడా తల్లిదండ్రులు, టీచర్లు తరచూ అంటారు: "వీడు చేతలతో నేర్చుకునే రకం, చదివి నేర్చుకోలేడు" అని. దయచేసి ఏ పిల్ల మీదా ఆ ముద్ర వేయకండి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను సమీక్షించారు. పిల్లల్ని చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకునే రకం అంటూ విడదీసి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. కట్ట విప్పడం ఏ ఒక్క రకం పిల్లలకో కాదు, స్థానవిలువ నేర్చుకునే ప్రతి పిల్లకూ పనికొస్తుంది. పద్ధతిని నిర్ణయించేది పాఠం.

ఒక్కటే చేయగలిగితే

ఈ ఏడాది ఒక్క మార్పుకే ఓపిక ఉందంటే ఒకటి, రెండు, మూడు తరగతుల టీచర్లు ఈనెల కట్టలు ఎంచుకోండి. మూడో తరగతి ముగిసేసరికి పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చి తీరాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టుకుంది. ఆ మూడేళ్ళలో స్థానవిలువ గట్టిపడకపోతే పైన ఏదీ నిలబడదు. నాలుగు, అయిదు తరగతులకు వార్తాపత్రికల చదరపు మీటరు, తాడు. ఇంగ్లిషు మొదలుపెట్టే పిల్లలకు ఆజ్ఞల ఆట. ఆరో తరగతి పైన చెప్పేవాళ్ళు రుణసంఖ్యల కోసం వరండాలో సున్నాకు రెండు వైపులా గీత వేసి అలాగే ఉంచేయండి, పిల్లలు విరామంలో కూడా దాని మీద గెంతుతారు.

తల్లిదండ్రులు బడి చూసుకుంటున్నప్పుడు గోడల మీద చార్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకండి. మూలన ఉన్న సామాను మీద దుమ్ము ఉందో లేదో చూడండి. గింజల డబ్బా మూత వదులుగా ఉండి, ఈనెల కట్టల బ్యాండ్లు సాగిపోయి ఉంటే, ఆ టీచరుతో అయిదు నిమిషాలు కూర్చుని మాట్లాడండి.

కట్టలు కట్టుకునేవాళ్ళకు చివరగా ఒక చిట్కా. ఈనెలను ఎండబెట్టాక చెంచా పొడవున కత్తిరించి, కొనలు గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే వేళ్ళకు గుచ్చుకుంటాయి. కట్ట కట్టే పని మాత్రం మీరు చేయకండి. పది లెక్కపెట్టి బ్యాండు వేయడం పిల్లలకే వదిలేయండి. తొమ్మిదితో కట్టిన కట్ట ఒకటో రెండో తప్పకుండా వస్తుంది, లెక్క తేడా వచ్చినప్పుడు దాన్ని వాళ్ళే వెతికి పట్టుకుంటారు.